తేయాకు కొండల నుంచి జైతూన్ రేవు దాకా

చీరాల నుంచి చినగంజాం వైపు వెళ్తే మోటుపల్లి వస్తుంది. చిన్నప్పుడు అక్కడి వీరభద్రస్వామి గుడికి వెళ్ళినప్పుడల్లా నాన్న మమ్మల్ని శాసనం ఉన్న స్తంభం దగ్గర నిలబెట్టేవారు. 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. తుఫానుకి ఓడ చితికి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం కడితే చాలు, మీ సరుకు మీదే అని వర్తకులకి రాజు మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టికలో గంధం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టునూలు, మిరియాలతో పాటు చీని కర్పూరం కూడా ఉంది. “చీని అంటే చైనా అమ్మా” అనేవారు నాన్న.

నేను పదకొండేళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాను. ఇక్కడి చైనీయుల్లో అందరికంటే పెద్ద వర్గం హొక్కియెన్ వాళ్ళు. ఫుజియన్ అనే రాష్ట్రం పేరునే వాళ్ళ భాషలో హొక్కియెన్ అంటారు. చైనా సరుకు మన వైపుకి బయల్దేరిన రేవుల్లో పేరున్న జైతూన్ ఆ రాష్ట్రంలోదే. ఇప్పుడు దాని పేరు క్వాన్‌జౌ. నాన్న చూడలేకపోయిన ఆ రేవుని అమ్మకైనా చూపించాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. మొన్న నవంబరులో ఎనిమిది రోజులు సెలవు దొరికింది. అమ్మని తీసుకుని బయల్దేరాను.

మొదటి రోజు: ఫుజౌ

విమానం దిగుతుంటే కిటికీలోంచి కొండలే కనిపించాయి. సముద్రం అంచు దాకా కొండలు, వాటి మధ్య ఇరుకు లోయల్లో ఊళ్ళు. “పొలాలేవే?” అంది అమ్మ. డెల్టా పక్కన పుట్టి పెరిగిన మనిషి, ముందు పొలం కోసమే వెతికింది.

అమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఈ రాష్ట్రం కథంతా తిరుగుతుందని తర్వాత రోజుల్లో అర్థమైంది. ఎనిమిది పాళ్ళు కొండ, ఒక పాలు నీరు, ఒక పాలు పొలం అని ఫుజియన్ వాళ్ళు తమ నేల గురించి చెప్పుకుంటారు. విస్తీర్ణం 1.24 లక్షల చదరపు కిలోమీటర్లు, తెలంగాణ కంటే కొంచెం పెద్దది. జనం నాలుగు కోట్ల పైచిలుకు. నేలలో మూడింట రెండు వంతులు అడవే. పడమటి సరిహద్దంతా వుయి పర్వతాలు గోడలా నిలబడ్డాయి. తూర్పున తీరం నలిపిన కాగితంలా ముడతలు పడి, లోపలికీ బయటికీ మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలన్నీ కొలిస్తే 3,700 కిలోమీటర్లు దాటుతుంది. మన ఆంధ్రా తీరం మొత్తం దాదాపు వెయ్యి. వెనక్కి వెళ్తే కొండ, ముందుకు వెళ్తే కడలి. పండించుకోవడానికి చోటు లేని జనం పడవ ఎక్కారు.

ఫుజౌని మర్రిచెట్ల ఊరు అంటారు. ఊడలు దిగిన చెట్ల నీడలో నడుచుకుంటూ లిన్ జెషు స్మారక భవనానికి వెళ్ళాం. 1785లో ఇదే ఊళ్ళో పుట్టిన అధికారి ఆయన. 1839లో ఇరవై వేలకి పైగా పెట్టెల నల్లమందుని హుమెన్ దగ్గర నాశనం చేయించాడు. ఆ నల్లమందు చాలావరకు మన దేశంలో పండిందే. బీహార్, బనారస్ రైతుల చేత పండించి, కలకత్తాలో వేలం వేసి ఈస్టిండియా కంపెనీ సొమ్ము చేసుకుంది. వేలంలో కొన్న వర్తకులు దాన్ని చైనాకి చేరవేశారు. లిన్ చేసిన పనికి బదులుగా బ్రిటన్ యుద్ధానికి దిగి, 1842 ఒప్పందంతో అయిదు రేవులు తెరిపించింది. వాటిలో రెండు, ఫుజౌ, షియామెన్, ఈ రాష్ట్రంలోవే. అమ్మ ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడింది. “వాళ్ళ చేతికి విషం మన రైతు చేత పండించి ఇచ్చారన్నమాట” అంది. నా మనసులో ఉన్నదీ అదే.

సాయంత్రం మూడు వీధులు, ఏడు సందుల పాత పేటలో మల్లెపూల టీ తాగాం. రాత్రి పూట విచ్చుకునే మల్లెల్ని టీ ఆకులో కలిపి ఉంచితే ఆకు ఆ వాసనంతా పీల్చుకుంటుంది. తర్వాత పూలు తీసేసి మళ్ళీ కొత్త పూలు కలుపుతారు. ఇలా ఎన్నిసార్లు చేస్తే అంత మేలు రకం.

రెండు, మూడు రోజులు: వుయి కొండలు

ఫుజౌ నుంచి రైల్లో గంట పైన. 2015లో ఈ లైను పడేదాకా ఇది చాలా దూరం కింద లెక్క. సొరంగంలోంచి బయటపడి కళ్ళు చిట్లించేలోపు ఇంకో సొరంగం. ఈ కొండల వల్లే పక్క లోయ మాట ఇంకో లోయకి అర్థం కాకుండా పోయింది. ఫుజౌ భాష వేరు, క్వాన్‌జౌ భాష వేరు, వుయి వాళ్ళది ఇంకోటి. మాండరిన్ లేకపోతే ఒకే రాష్ట్రం వాళ్ళు మాట్లాడుకోలేరు.

వుయి కొండలు ఎర్రరాతివి. వాటి మధ్య తొమ్మిది మలుపుల వాగులో వెదురు తెప్ప మీద తొమ్మిదిన్నర కిలోమీటర్లు తేలుతూ వచ్చాం. తెప్ప మీద వెదురు కుర్చీలు, ముందొకరు వెనకొకరు గడ వేసేవాళ్ళు. నిట్టనిలువు కొండ చెరియల్లో, మనిషి కాలు పెట్టలేని చోట, పడవ ఆకారంలో చెక్క శవపేటికలు ఇరికించి ఉన్నాయి. మూడు వేల ఏళ్ళ పైనాటివట. చచ్చాక కూడా పడవలోనే పడుకోబెట్టారు.

నేను వచ్చింది మాత్రం టీ కోసం. ఇక్కడి టీని రాతి టీ అంటారు. పొలంలో కాదు, రెండు కొండల మధ్య చీలికల్లో, రాయి అరిగి మట్టిగా మారిన చారెడు చోట్లలో రాళ్ళతో కట్టలు పోసి మొక్కలు పెంచుతారు. జియులాంగ్‌కె లోయలో గోడలాంటి కొండకి అంటుకుని, దాహోంగ్‌పావ్ అనే పేరుమోసిన రాతి టీకి తల్లి చెట్లు ఆరు ఉన్నాయి. 2006 నుంచి వాటి ఆకు కోయడం మానేశారు. కింద నుంచి చూసి దండం పెట్టుకోవడమే.

మూడో రోజు పొద్దున్న ఒక రైతు ఇంట్లో కూర్చున్నాం. ఆవిడకి నలభై అయిదేళ్ళు ఉంటాయి, వేళ్ళ చివరలు టీ రంగులో ఉన్నాయి. మూత ఉన్న చిన్న గిన్నెలో ఆకు నిండా పోసి, సలసల మరిగే నీళ్ళు పోసి, వెంటనే వంచేసింది. మొదటి నీళ్ళు కప్పులు కడగడానికి. రెండోది మాకు. గుక్కెడే పట్టే కప్పు. ముందు బొగ్గు కుంపటి వాసన, వెనకే ఏదో పువ్వు, చివరికి తడి రాయిని నాకినట్టు ఒక రుచి. “పాలు పొయ్యరా?” అని అడిగిన అమ్మ మూడో కప్పుకి మాట్లాడ్డం మానేసింది. ఏడుసార్లు నీళ్ళు పోసింది ఆవిడ, ఏడుసార్లూ రుచి మారింది. తర్వాత మమ్మల్ని వెనక గదికి తీసుకెళ్ళింది. బొగ్గు నిప్పుల మీద బూడిద కప్పి, పైన వెదురు బుట్టల్లో ఆకు పెట్టి గంటల తరబడి వేడి చేస్తారు. ధర్మామీటరు లేదు. బుట్ట కింద అరచెయ్యి పెట్టి చూసుకుంటుంది. నా చెయ్యి పట్టుకుని కూడా పెట్టించింది. “ఇప్పుడు సరిగ్గా ఉంది” అని ఫోన్‌లో అనువాదం చూపించింది.

ఆవిడ నోట ఇది “చా”. సింగపూర్‌లో మా పక్కింటి హొక్కియెన్ ముసలాయన నోట ఇదే “తే”. భూమార్గంలో పర్షియా మీదుగా వెళ్ళిన మాట మనకి చాయ్ అయింది. ఫుజియన్ వర్తకుల నోట డచ్చివాళ్ళు విన్న “తే” యూరప్ చుట్టి టీగా తిరిగొచ్చింది. ఆ “తే”కి మనం మన ఆకుని తగిలించి తేయాకు అన్నాం. అమ్మకి ఇది చెబితే నమ్మలేదు. “తేయాకు తెలుగు మాటే కదే” అంది.

చైనా టీ మొక్క మన దేశానికి వచ్చిన ఒక దారి మాత్రం అంత మర్యాదైనది కాదు. 1840ల చివర్లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ వాడు చైనీయుడి వేషం వేసుకుని ఈ కొండల దాకా వచ్చాడు. కంపెనీ పంపిన మనిషి. మొక్కలు, విత్తనాలు, టీ చేసే పనివాళ్ళని కూడగట్టుకుని హిమాలయాల పాదాలకి చేర్చాడు.

నాలుగో రోజు: నింగ్డె

మళ్ళీ ఫుజౌ మీదుగా ఉత్తర తీరానికి వచ్చాం. ఇక్కడ కొంచెం టెన్షన్ పడ్డాం. ముందే బుక్ చేసుకున్న హోటల్లో విదేశీ పాస్‌పోర్టులు నమోదు చేయడం తెలియదని చెప్పేశారు. రాత్రి తొమ్మిదింటికి సూట్‌కేసులు లాక్కుంటూ ఇంకో హోటల్ వెతుక్కోవాల్సి వచ్చింది. అరవై నాలుగేళ్ళ మా అమ్మ ఒక్క మాట అనలేదు, నాకే ఏడుపొచ్చింది.

ఒకప్పుడు ఈ తీరంలో బాగా వెనకబడిన జిల్లా నింగ్డె. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే విద్యుత్ కార్ల బ్యాటరీల్లో మూడో వంతుకి పైగా అమ్మే కంపెనీ, సీఏటీఎల్, కేంద్రం ఇదే. 2011లో దాన్ని పెట్టిన జెంగ్ యుచున్ ఈ జిల్లా పల్లెటూరి బిడ్డ. షాంఘైలోనో షెన్‌జెన్‌లోనో పెట్టుకోగలిగేవాడు, సొంతూరికి తెచ్చాడు. ఫ్యాక్టరీల్ని బయట నుంచే చూశాం. కిలోమీటర్ల కొద్దీ తెల్ల గోడలు.

నా మనసు పట్టింది సాన్డు అఖాతం మీద. సన్నని ముఖద్వారం వెనక కొండల మధ్య దాగిన లోతైన సముద్రం అది. నీటి మీద చేపల బోనులు వీధుల్లా పేర్చి ఉన్నాయి. పెంచేది పసుపు రంగు పెద్ద చేప. వేటాడి వేటాడి సముద్రంలో దాదాపు ఖాళీ చేసేశాక, 1980ల్లో పిల్లల్ని పుట్టించి పెంచే పద్ధతి ఇక్కడే పట్టుకున్నారు. మా మామయ్యకి చినగంజాం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆయన కోసం అమ్మ పడవవాడిని మేత రేటు దగ్గర్నుంచి జబ్బుల దాకా అన్నీ అడిగించింది. వైరస్ వస్తే ఏం చేస్తారన్న ప్రశ్నకి అతను తల పట్టుకుని చూపించాడు. అమ్మకి దాని అనువాదం అక్కర్లేకపోయింది.

అయిదో రోజు: రైలు, షియామెన్

ఫుజౌ నుంచి షియామెన్ దాకా 2023 సెప్టెంబరులో కొత్త రైలు మార్గం తెరిచారు. గంటకి 350 కిలోమీటర్ల వేగం. మూడు అఖాతాల్ని నేరుగా సముద్రం మీద వంతెనలతో దాటేస్తుంది. ఇదే రాష్ట్రంలో 1950ల దాకా చెప్పుకోదగ్గ రైలే లేదు. ఎదురుగా తైవాన్. యుద్ధం ఎప్పుడొస్తుందో తెలియని సరిహద్దు కాబట్టి ప్రభుత్వం ఇక్కడ పెద్ద పరిశ్రమలు పెట్టకుండా చాలా ఏళ్ళు వదిలేసింది. షియామెన్ ఒడ్డున నిలబడితే తైవాన్ పాలనలోని కిన్మెన్ దీవి మామూలు కంటికే కనిపిస్తుంది. 1958లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లక్షల గుండ్లు పేల్చారు. కిన్మెన్ వాళ్ళు ఆ గుండ్ల ఇనుముతో కత్తులు చేసి ఇప్పటికీ అమ్ముతున్నారు. 1980లో షియామెన్ ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. 2001 నుంచి రెండు ఒడ్డుల మధ్యా పడవలు తిరుగుతున్నాయి, అప్పుడప్పుడూ ఆగినా.

సింగపూర్‌లో తాన్ కాహ్ కీ పేరుతో ఒక మెట్రో స్టేషన్ ఉంది. రోజూ దాని మీదుగానే ఆఫీసుకి వెళ్తాను. ఆయన పుట్టింది ఇక్కడి జిమెయ్‌లో. సింగపూర్‌లో రబ్బరు మీద సంపాదించి 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం కట్టించాడు. వ్యాపారం దెబ్బతిన్నా ఏళ్ళ తరబడి దాని ఖర్చు భరించాడు. ఆ గేటు ముందు నిలబడితే, రోజూ వినే స్టేషన్ అనౌన్స్‌మెంట్ చెవిలో మోగింది.

ఆరో రోజు: మట్టి కోటలు

యోంగ్‌డింగ్ వైపు మూడు గంటల కొండదారి. 2008లో యునెస్కో గుర్తించిన 46 తులౌ ఇళ్ళలో ఒకటైన చెంగ్‌చి లౌ చూశాం. 1709లో పూర్తయింది. ఒకదాని లోపల ఒకటి నాలుగు వలయాలు, నాలుగు వందల దాకా గదులు, ఒకే ఇంటిపేరు వాళ్ళు. బయటి గోడ మీటరు పైన మందం, దిమ్మిసతో కొట్టిన మట్టి, లోపల వెదురు బద్దలు. కింద వంటిళ్ళు, పైన ధాన్యం గదులు, ఆపైన పడక గదులు. హక్కా వాళ్ళు ఉత్తరాన్నించి వలస వచ్చి, దొంగల భయానికి ఇలా కట్టుకున్నారు. ఇప్పుడు ముసలివాళ్ళే మిగిలారు, పిల్లలంతా తీరంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలకి వెళ్ళారు. అమ్మకి మెట్లెక్కడం కష్టమై కింద బావి దగ్గరే కూర్చుంది. ఒక ముసలావిడ కమలాపళ్ళు ఒలిచి పెట్టింది.

ఏడో రోజు: జైతూన్

క్వాన్‌జౌ. ఊరి చుట్టూ నాటిన ఎర్రపూల చెట్టు పేరు సితోంగ్, దాన్నే అరబ్బులు జైతూన్ అన్నారు. మార్కో పోలో 1292 ప్రాంతంలో ఈ రేవు నుంచే తిరుగు ప్రయాణం కట్టాడు. అలెగ్జాండ్రియాకి ఒక మిరియాల ఓడ వెళ్తే ఇక్కడికి వంద వస్తాయని రాశాడు. మన మోటుపల్లి గురించీ, ఒక రాణి పాలన గురించీ, సాలెగూడు లాంటి సన్నని బట్టల గురించీ రాసింది కూడా ఆయనే. ఆ రెండు రేవుల్నీ కలిపి తలుచుకున్న మనిషి అడుగులో అడుగు వేస్తున్నానని ఒళ్ళు జలదరించింది.

686లో మొదలైన కైయువాన్ బౌద్ధ ఆలయానికి పొద్దున్నే వెళ్ళాం. ముందు వైపు అగరుబత్తుల పొగ, జనం. అమ్మని ప్రధాన మందిరం వెనక్కి నడిపించాను. అక్కడ పలకలు తేరిన రెండు నల్లరాతి స్తంభాలు. గుండ్రని చట్రాల్లో చిన్న చిన్న చెక్కడాలు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్ళింది. ఒడిలో రాక్షసుడిని పడుకోబెట్టుకున్న నరసింహుడు. రెండు మద్ది చెట్ల మధ్య చిన్నికృష్ణుడు. మొసలి నోట చిక్కిన ఏనుగు. అమ్మకి గజేంద్ర మోక్షం పద్యాలు నోటికి వచ్చు. గొంతు తగ్గించి రెండు పద్యాలు చదివింది. పక్కన ఫొటోలు తీసుకుంటున్న కుర్రాళ్ళు ఫోన్లు దించి విన్నారు.

కూలిన శివాలయం రాళ్ళవి. 1281 నాటి తమిళ శాసనం ఒకటి ఈ ఊళ్ళోనే దొరికింది, కుబ్లయ్ ఖాన్ కాలంలో ఇక్కడ హరుడిని ప్రతిష్ఠించామని ఉంది. తమిళ వర్తకులు కట్టిన గుడి పోయింది. మింగ్ వంశం రోజుల్లో బౌద్ధ ఆలయం మరమ్మతులకి దాని రాళ్ళు తెచ్చి వాడారు. ఇక్కడ దొరికిన ఇంకో చెక్కడంలో ఏనుగు తొండం ఎత్తి లింగాన్ని పూజిస్తుంది. శ్రీకాళహస్తి ఎన్నిసార్లు వెళ్ళామో, మాకు ఆ కథ ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం 1974లో బురదలోంచి తవ్వి తీసిన ఓడని చూశాం. ఏడు వందల యాభై ఏళ్ళ నాటిది. అడుగు భాగం పదమూడు అరలుగా ఉంది. ఒక అరలోకి నీళ్ళొచ్చినా మిగతా పన్నెండూ తేలుతాయి. అందులో దొరికినవి సుగంధపు చెక్కలు, మిరియాలు. నల్లగా ముడుచుకున్న మిరియాల గింజలు అద్దం వెనక చూసి అమ్మ అంది, “మీ నాన్న ఉంటే ఇక్కడే రోజంతా కూర్చునేవారు.”

ఎనిమిదో రోజు: పూలు, బూట్లు, వంతెన

షున్‌పు అనే బెస్తపేటలో గోడలు ఆలిచిప్పలతో కట్టినవి. ఆడవాళ్ళు కొప్పు చుట్టూ వరసలు వరసలుగా పూలు చుడతారు. రెండు మూడేళ్ళ నుంచి దేశమంతటి నుంచీ అమ్మాయిలు వచ్చి ఆ కొప్పు పెట్టించుకుని ఫొటోలు దిగుతున్నారు. వేట మీద బతికిన పేటకి ఇప్పుడు పూలు కూడా కూడు పెడుతున్నాయి. అమ్మ పెట్టించుకోవడానికి ముందు ఆ దండ చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. సూదీ దారంతో గుచ్చినవి. అమ్మ తల ఊపి, బుట్టలోంచి విడి మొగ్గలు తీసుకుని, దారంతో మన పద్ధతిలో రెండేసి మొగ్గలు ఎదురెదురుగా పెట్టి ముడి వేస్తూ కట్టి చూపించింది. పూలావిడ రెండుసార్లు తప్పుగా వేసి మూడోసారి పట్టేసింది. ఒక్క మాటా కలవని ఇద్దరు ఆడవాళ్ళు పావుగంట పూలు కట్టుకున్నారు. డబ్బులిస్తే ఆవిడ తీసుకోలేదు.

పక్కనే జిన్‌జియాంగ్, బూట్ల ఊరు. 1979 తర్వాత ప్రభుత్వం పగ్గాలు వదలగానే ఇక్కడివాళ్ళకి మూడు ఖాళీలు పనికొచ్చాయని చెబుతారు: విదేశాలకి వెళ్ళినవాళ్ళ ఖాళీ ఇళ్ళు, పనిలేని చేతులు, బంధువులు పంపగా మూలనున్న డబ్బు. ఇంటి హాల్లో కుట్టుమిషన్లు వేసి, ముందు బయటి బ్రాండ్లకి బూట్లు కుట్టిచ్చారు, తర్వాత సొంత పేర్లు పెట్టుకున్నారు. 1991లో మొదలైన ఆంటా 2019లో ఫిన్లాండ్ వారి ఆమెర్ స్పోర్ట్స్‌ని మిగతా పెట్టుబడిదారులతో కలిసి కొనేసింది. ఆంటా, ఎక్స్‌టెప్, 361 డిగ్రీలు, మూడింటినీ పెట్టినవాళ్ళ ఇంటిపేరు డింగ్. చెన్‌దాయ్ పట్టణంలోని డింగ్ వంశానికి మూలపురుషులు సముద్రం మీద వచ్చిన ముస్లిం వర్తకులని ప్రసిద్ధి. 2023లో రాష్ట్రం మొత్తం ఉత్పత్తి 5.4 లక్షల కోట్ల యువాన్లు. అందులో అయిదో వంతుకి పైగా ఈ ఒక్క క్వాన్‌జౌ ప్రాంతానిదే. వీధి షాపులో అమ్మకి వాకింగ్ బూట్లు కొన్నాను.

సాయంత్రానికి లోయాంగ్ వంతెన. 1053 నుంచి 1059 దాకా కట్టారు, చివర్లో దగ్గరుండి పూర్తి చేయించింది అధికారి త్సాయ్ షియాంగ్. నది సముద్రంలో కలిసే చోట పునాది నిలవదు. అందుకని నది అడుగున రాళ్ళు పరిచి, వాటి మీద ఆలిచిప్పల్ని పెంచారు. అవి రాయినీ రాయినీ అతికించేశాయి. సిమెంటు లేని రోజుల్లో ప్రాణమున్న సిమెంటు అది. మేం వెళ్ళేసరికి పోటు తీసింది. స్తంభాల కింద బురదలో ఆడవాళ్ళు గోనెసంచులు పక్కన పెట్టుకుని, కొక్కెం లాంటి చిన్న ఇనుప పనిముట్టుతో చిప్పలు ఊడదీస్తున్నారు. ఒక్కో చిప్పకి ఒక్క దెబ్బ.

అమ్మ తలలో పొద్దుటి పూలు ఇంకా వాడలేదు. మామయ్యకి వీడియో కాల్ కలిపి, ఫోన్ కిందికి వంచి చూపించింది. “ఒరేయ్, ఇదిగో చూడు, వెయ్యేళ్ళ నాటి రాళ్ళంట, వీటికి పట్టినవి.” అటు నుంచి మామయ్య గొంతు తెగితెగి వినిపించింది. “కిలో ఎంతంటక్కా?” అమ్మ నా వైపు తిరిగింది. నేను ఫోన్‌లో అనువాదం తెరిచి, గట్టు దిగి చిప్పలు ఊడదీస్తున్న ఒకావిడ దగ్గరికి నడిచాను.